అన్నీ చేత్తో చేసుకునే కారు: ఎంచుకోవడం, నడపడం, నిలుపుకోవడం

కిటికీ అద్దాన్ని పిడి తిప్పి దించుకోవలసిన కారు, తాళంచెవి పెట్టి తిప్పితే తప్ప తలుపు తెరుచుకోని కారు, స్టీరింగును సొంత భుజబలంతోనే తిప్పవలసిన కారు కొత్తగా కొందామంటే ఇప్పుడు దాదాపుగా దొరకదు. అయినా అటువంటి కారే కావాలని కోరుకునేవారు ఇంకా ఉన్నారు, నేనూ వారిలో ఒకడిని. యంత్రంలో ఏం జరుగుతోందో చేతికీ చెవికీ తెలియాలన్నది మా కోరిక. అటువంటి కారును ఎలా వెతకాలో, ఎలా నడపాలో, ఎలా నిలుపుకోవాలో ఇక్కడ వివరిస్తాను. ముందుగా ఒక్క షరతు పెడుతున్నాను: సౌకర్యాన్ని ఎంతవరకైనా వదులుకోవచ్చు గాని రక్షణను వదులుకోకూడదు. ఈ రెండింటినీ వేరు చేసి చూడడం తెలియకుండా సాదా కారు కొనడం మంచిది కాదు.

ఈ కార్లు ఎందుకు మాయమయ్యాయో తెలిస్తే ఎక్కడ వెతకాలో కూడా తెలుస్తుంది. 1948లో లోకానికి పరిచయమైన సిట్రోయెన్ 2సీవీ తొలి రకాల్లో ఇంజిను 375 సీసీ మాత్రమే. ముందు అద్దం తుడిచే వైపర్లు స్పీడోమీటరు కేబులు తిరిగితేనే తిరిగేవి కాబట్టి బండి నెమ్మదిస్తే అవీ నెమ్మదించేవి. తూర్పు జర్మనీ కారు ట్రబాంట్ 601 యజమానులు ట్యాంకులో పెట్రోలు ఎంత ఉందో గీతలున్న పుల్ల ముంచి చూసుకునేవారు. 2సీవీ 1990లో, ట్రబాంట్ 1991లో, మెక్సికోలో మిగిలిన ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ 2003లో, మారుతి 800 2014లో ఆగిపోయాయి. కొన్నిటిని కాలం ఆపింది, కొన్నిటిని చట్టం ఆపింది. బ్రెజిల్‌లో 2014 నుంచి ప్రతి కొత్త కారుకూ ఏబీఎస్ (గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే బ్రేకు వ్యవస్థ), ఎయిర్‌బ్యాగులు తప్పనిసరి కావడంతో, వాటిని అమర్చడానికి వీలుపడని పాత ఫోక్స్‌వ్యాగన్ కోంబి వ్యాను తయారీని 2013 చివర నిలిపివేశారు. అమెరికాలో 2018 మే నుంచి కొత్త కార్లన్నిటికీ వెనుక కెమెరా ఉండాలి. ఐరోపా సమాఖ్యలో 2024 జూలై నుంచి వేగ పరిమితిని గుర్తుచేసే పరికరం కూడా ఉండాలి. కెమెరా కోసం తెర, బండి జారకుండా చూసే వ్యవస్థ కోసం కంప్యూటరు ఎలాగూ పెట్టవలసి వచ్చినప్పుడు మిగతా హంగులు చేర్చడానికి అయ్యే ఖర్చు తక్కువ. దానికితోడు కర్మాగారంలో పిడి ఉన్న తలుపు ఒక రకం, మీట నొక్కే తలుపు ఇంకొక రకం తయారుచేసి నిల్వ ఉంచడం కంటే అందరికీ మీట తలుపే బిగించడం చౌకగా తేలుతుంది. అందుచేత కొత్త కార్లలో వెతికేవారు కంపెనీల చిట్టాలో అన్నిటికంటే అడుగున ఉన్న రకాన్నీ, సరుకు రవాణాకు అమ్మే వ్యాన్లనూ చూడాలి. అడుగు రకాన్ని దుకాణంలో నిల్వ ఉంచడం అరుదు, కాబట్టి ప్రత్యేకంగా అడిగి తెప్పించుకోవలసి ఉంటుంది. పై రకం తీసుకొమ్మని అమ్మేవారు ఎంత నచ్చజెప్పినా మీకు కావలసినదేమిటో కాగితం మీద రాసుకుని వెళ్లండి.

పాత కార్లలో వెతికేవారికి ముందున్నవి ముఖ్యంగా రెండు తరాలు. కార్బురేటరు (పెట్రోలునూ గాలినీ కలిపే భాగం), పాయింట్లు (ప్లగ్గులకు నిప్పురవ్వ సమయానికి అందేలా చేసే స్విచ్చు) ఉన్న కార్లు మొదటి తరం. ఇవి నేర్చుకోవడానికి ఎంతో బాగుంటాయి గాని రోజూ వాడాలంటే రోజూ శ్రద్ధ పెట్టాలి. పెట్రోలును ఇంజెక్షన్ పద్ధతిలో అందించే ఇంజిను ఉండి, హంగులు లేకుండా 1990ల నుంచి 2000ల నడుమ వచ్చినవి రెండో తరం. చలిలోనూ ఒక్క సెల్ఫుకే అంటుకుంటాయి, పొగ తక్కువ, అయినా అద్దాలకు పిడులుంటాయి, తెర ఉండదు. ఏదో ఒక్క కారే ఉంచుకోగలిగినవారికి నా సలహా నిస్సందేహంగా రెండో తరమే.

రక్షణ సంగతి ఇక్కడే తేల్చుకోవాలి. మెక్సికోలో 2017 వరకు తయారైన నిస్సాన్ సురు అనే సాదా కారుకు కార్లను ఢీకొట్టించి రక్షణకు నక్షత్రాలు ఇచ్చే లాటిన్ ఎన్‌క్యాప్ సంస్థ పరీక్షలో ఒక్క నక్షత్రం కూడా రాలేదు. 2016లో ఆ కారునూ, అదే కంపెనీ అమెరికాలో అమ్మిన తన చౌక రకం వెర్సానూ ఎదురెదురుగా ఢీకొట్టించి చూశారు. వెర్సాలోని బొమ్మ డ్రైవరు బతికి బయటపడే స్థితిలో ఉండగా, సురులో డ్రైవరు కూర్చునే చోటే నలిగిపోయింది. రెండూ చౌక కార్లే, తేడా అంతా నిర్మాణంలోనూ ఎయిర్‌బ్యాగుల్లోనూ ఉంది. కాబట్టి మీరు చూస్తున్న నమూనాకు జరిగిన ఢీకొట్టే పరీక్షల ఫలితాలు వెతికి చదవండి. ప్రతి సీటుకూ మూడు చోట్ల పట్టే బెల్టు, తల వెనుక ఆధారం, ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు, దొరికితే ఏబీఎస్, ఎయిర్‌బ్యాగులు ఉన్నదాన్నే కోరండి. పిల్లలను ఎక్కించుకునే కారైతే ఈ విషయంలో రాజీ పడకండి. అతి పాత కారు మీద మనసుపడినవారు దాన్ని పగటిపూట, రద్దీ లేని దారుల్లో, తక్కువ వేగంతో నడిపే రెండో బండిగా ఉంచుకోవడం మేలు.

కొనేముందు చేసే పరీక్షలో మొదట చూడవలసినది తుప్పు. ఇంజినును విప్పి బాగుచేయవచ్చు, గేరుబాక్సు మార్చవచ్చు గాని తుప్పు తిన్న ఒంటిని నిలబెట్టడం వీటన్నిటికంటే ఖరీదైన పని. తలుపుల కింది అంచు, కాళ్ల దగ్గరి పట్టా కింద నేల, డిక్కీలో స్టెప్నీ ఉండే గుంట, బానెట్ కింద షాక్ అబ్జార్బర్లు బిగించే చోట్లు ఒక్కొక్కటిగా వేలితో నొక్కి, తట్టి చూడాలి. కొత్త రంగు మందంగా పూసిన చోట మరింత అనుమానించాలి. ఇంజిను పూర్తిగా చల్లారి ఉండగా మీ ఎదుటే స్టార్టు చేయమనండి. ఎంతకూ పోని నీలం పొగ ఇంజినాయిలు కాలుతోందనడానికి గుర్తు. ఆయిలు మూత లోపల తెల్లటి నురగ పేరుకుని ఉంటే నీళ్లు ఆయిల్లో కలుస్తున్నాయేమో పరీక్షించాలి. దగ్గరి ప్రయాణాలే చేసే బండికి చలికాలంలో తేమ వల్ల కూడా అలా పేరుకోవచ్చు కాబట్టి ఆ ఒక్క గుర్తు చూసే బేరం వదులుకోనక్కర లేదు. సీటుబెల్టును ఒక్కసారిగా లాగితే పట్టేయాలి. ఖాళీ దారిలో నడుపుతూ బ్రేకు వేస్తే బండి ఏ పక్కకూ గుంజకుండా తిన్నగా ఆగాలి. టైరు పక్క గోడ మీద ఉండే నాలుగంకెల ముద్రను కూడా చదవండి: 2319 అని ఉంటే అది 2019లో ఇరవై మూడో వారంలో తయారైనదని అర్థం. గాడులు ఎంత లోతుగా కనిపించినా పదేళ్లు దాటిన టైరును నమ్మకూడదు.

ఇక నడపడం గురించి తీరిగ్గా చెప్పాలి, ఎందుకంటే ఈ కార్లలో కారు చేయని పనులన్నీ మనిషి చేయాలి. పవర్ స్టీరింగు లేని బండిని నిలబెట్టి ఉంచి చక్రాలు తిప్పబోతే చేతులు నొప్పి పుడతాయి, టైర్లూ స్టీరింగు కీళ్లూ అరుగుతాయి. అడుగు వేసేంత వేగమైనా ఉండగా తిప్పితే అదే స్టీరింగు తేలికవుతుంది. ఇరుకు చోట బండిని పెట్టేటప్పుడు క్లచ్‌తో నెమ్మదిగా కదిలిస్తూ తిప్పడం అలవాటు చేసుకోండి. ఉన్నట్టుండి స్టీరింగు బరువెక్కితే ముందు టైర్లలో గాలి చూడండి, చాలాసార్లు కారణం అదే. గాలి తగ్గిందని హెచ్చరించే దీపం ఈ కార్లకు ఉండదు కనుక వారానికొకసారి, టైర్లు చల్లగా ఉన్నప్పుడు, గేజితో కొలవడం నియమంగా పెట్టుకోవాలి.

అన్నిటికంటే సాధన కావలసినది ఏబీఎస్ లేని బ్రేకు. గాబరాలో పెడల్‌ను చివరిదాకా తొక్కితే చక్రాలు బిగుసుకుపోయి బండి జారుతుంది, అప్పుడు స్టీరింగు ఎటు తిప్పినా బండి పోయే దారి మారదు. టైర్లు కీచుమనడం, స్టీరింగు చేతిలో అకస్మాత్తుగా తేలికైపోవడం ఆ క్షణానికి ఆనవాళ్లు. అప్పుడు పాదాన్ని పూర్తిగా ఎత్తకుండా, చక్రం మళ్లీ తిరిగేంతవరకే సడలించి తిరిగి నొక్కాలి. ఇది చదివితే వచ్చే విద్య కాదు. మనుషులూ బండ్లూ తిరగని విశాలమైన ఖాళీ స్థలంలో, గంటకు 30 కిలోమీటర్ల వేగం దగ్గర మొదలుపెట్టి, పొడి నేల మీద ఒకసారి, తడి నేల మీద ఒకసారి, పాదానికి ఆ హద్దు తెలిసేదాకా సాధన చేయండి. పక్కన అనుభవమున్నవారు కూర్చుంటే ఇంకా మంచిది. నేను ఈ సాధన చేయకముందు వానలో ఒక మలుపు దగ్గర బండి జారి గట్టుకు ఆనుకుంది. ఎవరికీ దెబ్బ తగలలేదు గాని ఆ రోజు తొక్కిపట్టిన పాదాన్ని సడలించాలన్న సంగతే నాకు తట్టలేదు. వేగం తగ్గించుకుని ముందు బండికి దూరంగా ఉండడం ఈ సాధనకంటే కూడా ముఖ్యం.

చోక్ (చల్లటి ఇంజినుకు గాలి తగ్గించి పెట్రోలు పాలు పెంచే మీట) ఉన్న బండిని చల్లటి ఉదయం స్టార్టు చేసేటప్పుడు దాన్ని పూర్తిగా లాగి, యాక్సిలరేటరును ముట్టకుండా సెల్ఫ్ కొట్టండి. ఇంజిను అంటుకున్నాక, వేడెక్కేకొద్దీ చోక్‌ను కొద్దికొద్దిగా లోపలికి నెట్టుతూ రావాలి. మరచిపోయి లాగి ఉంచితే ఎక్కువైన పెట్రోలు ప్లగ్గులకు మసి పట్టిస్తుంది, సిలిండరు గోడల మీది ఆయిలు పొరను కడిగేస్తుంది. పెట్రోలు ఎక్కువై ఇంజిను మొరాయిస్తే చోక్‌ను పూర్తిగా లోపలికి నెట్టి, యాక్సిలరేటరును నేలదాకా తొక్కి పట్టుకుని సెల్ఫ్ కొట్టాలి. మాటిమాటికీ తొక్కి వదిలితే మరింత పెట్రోలు చేరుతుంది.

కెమెరా లేని బండిని వెనక్కు తీసేముందు దిగి ఒకసారి చుట్టూ నడిచి చూడండి, చిన్నపిల్లలు అద్దాలకు అందని ఎత్తులో ఉంటారు. ఏసీ లేని బండిలో వానకు అద్దాలు మసకబారితే కిటికీలను రెండు వేళ్ల సందు దించి, వేడిగాలిని ముందు అద్దం మీదికి వదలాలి. అద్దం లోపలి వైపు జిడ్డు లేకుండా తుడిచి ఉంచితే మసక సగం తగ్గుతుంది. దిగేటప్పుడు లైట్లు ఆర్పామా అని మీరే చూసుకోవాలి, ఈ కారు గంట కొట్టి గుర్తుచేయదు. తలుపును ఎప్పుడూ బయట నిలబడి తాళంచెవితోనే వేస్తే చెవి లోపల ఉండిపోయే ప్రమాదం ఎన్నటికీ రాదు.

నిలుపుకోవడంలో మొదటి మెట్టు ఆ నమూనా మరమ్మతు పుస్తకం సంపాదించడం, వీలైతే కారు కొనకముందే. లక్షల సంఖ్యలో, ఎక్కువ ఏళ్లపాటు తయారైన నమూనాలకు విడిభాగాలు దొరికే అవకాశం ఎక్కువ కాబట్టి, అరుదైన అందానికంటే విరివిగా అమ్ముడైన మామూలు బండినే ఎంచుకోండి. దాని యజమానుల సంఘం ఉంటే చేరండి. ఏ భాగానికి ఏ బండి భాగం సరిపోతుందో వారికి తెలిసినంతగా దుకాణదారులకు కూడా తెలియదు. తలుపుల రబ్బర్లు, కిటికీ పిడులు, దీపాల అద్దాల వంటి చిన్న వస్తువులే అన్నిటికంటే ముందు కరువవుతాయి, కనబడినప్పుడే ఒక జత తీసి పెట్టుకోవాలి.

ఇంజినాయిలు ప్రతి వారం చూడడం, పుస్తకం చెప్పిన దూరానికి మార్చడం మామూలే. చాలామంది మరచేది బ్రేక్ ఆయిల్. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, తేమ చేరినకొద్దీ తక్కువ వేడికే మరుగుతుంది, పొడవైన దిగుడులో బ్రేకు మెత్తబడేది అందుకే. బండి తిరిగినా తిరగకపోయినా రెండేళ్లకొకసారి మార్చండి. ఇథనాల్ కలిపిన పెట్రోలు పాతకాలపు రబ్బరు గొట్టాలను పాడుచేస్తుంది కనుక వాటిని ఆ పెట్రోలుకు తట్టుకునే రకంతో మార్చించడం కారు కొన్న మొదటి వారంలోనే చేయవలసిన పని. గొట్టం కారితే మంటలు అంటుకునే ప్రమాదముంది. టైమింగ్ బెల్టు (ఇంజిను కవాటాలు సమయానికి తెరుచుకునేలా తిప్పే పట్టీ) ఉన్న ఇంజినైతే అది ఎప్పుడు మార్చారో పాత యజమాని కాగితం చూపలేనప్పుడు మార్చలేదనే లెక్క వేసుకోండి.

ప్లగ్గు విప్పి చూస్తే ఇంజిను ఆరోగ్యం తెలుస్తుంది. కొస లేత గోధుమ రంగులో ఉంటే మంట సరిగా ఉంది, పొడి మసితో నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువవుతోంది, తెల్లగా కాలినట్టుంటే తక్కువవుతోంది. పాయింట్ల సందును ఫీలర్ గేజితో (సన్నటి లోహపు రేకుల కొలబద్దతో) కొలవడం, కిటికీ యంత్రానికి ఏటా గ్రీజు పెట్టడం ఎవరైనా ఒక పూటలో నేర్చుకోగలరు. బండిలో నాలుగైదు సైజుల పానాలు, స్క్రూడ్రైవరు, ప్లగ్గు పానా, ఫ్యూజులు, ఒక ఫ్యాన్ బెల్టు, జాకీ, టార్చిలైటు ఎప్పుడూ ఉండాలి.

పాత కారుకు కొత్త హంగులు చేర్చవచ్చా అని అడిగేవారికి ఒక్క సమాధానమే ఇస్తాను. రక్షణకు పనికొచ్చేదైతే తప్పక చేర్చండి: వెనుక సీటుకు బెల్టులు లేకపోతే వాటిని తెలిసిన పనివాడి చేత, బెల్టుకోసం బలపరచిన చోటనే బిగించించండి, అగ్నిమాపక సీసాను డ్రైవరు చేతికందేలా అమర్చండి, లైట్లు మసకగా వెలుగుతుంటే రిలే (బ్యాటరీ కరెంటును నేరుగా లైట్లకు పంపే స్విచ్చు) పెట్టించి వైర్లు మార్పించండి. అద్దాలకు మోటార్లు, తలుపులకు రిమోటు పెట్టించాలనిపిస్తే మాత్రం ఆ పని మొదలుపెట్టకముందు ఒక నెల ఆగండి. ఆ నెలలో పిడి తిప్పడం చేతికి అలవాటైపోతుంది.