ప్రభువు రాకడకు (యేసు తిరిగి రావడానికి) హృదయం సిద్ధపడటం లేదా? సమస్యలు - పరిష్కారాలు

క్రిస్మస్‌కు ముందు ఆగమన కాలం వస్తే చర్చిలో బైబిల్లోని యెషయా 40వ అధ్యాయం వినిపిస్తుంది: ప్రభువుకు దారి సిద్ధం చేయండి, పల్లం పూడ్చండి, కొండను చదును చేయండి. అందరం ఆమేన్ అంటాం. కానీ ఎక్కడ మొదలుపెట్టాలో చాలామందికి తెలియదు. ముందు మీ సమస్య ఏదో చూసుకోండి.

సమస్య: ప్రార్థనలో కన్నీళ్లు వస్తాయి, ఇంటికెళ్లాక బతుకు మారదు.

కారణం: పశ్చాత్తాపం మనసు కరగడం దగ్గరే ఆగిపోయింది, చేతిదాకా రాలేదు.

పరిష్కారం: లూకా 3వ అధ్యాయం నెమ్మదిగా చదవండి. యొర్దాను దగ్గర జనం "మేమేం చేయాలి?" అని అడిగితే బాప్తిస్మమిచ్చు యోహాను ఇంకో గంట ప్రార్థన చేయమనలేదు. రెండు అంగీలున్నవాడు లేనివాడికి ఒకటి ఇవ్వాలన్నాడు, తిండి ఉన్నవాడూ అలాగే చేయాలన్నాడు. సుంకరులను, అంటే పన్ను వసూలు చేసేవాళ్లను, ఉద్యోగం మానమనలేదు, నిర్ణయించినదానికంటే ఎక్కువ వసూలు చేయొద్దన్నాడు. సైనికులకు చెప్పింది ఇంకా సూటిగా ఉంటుంది: బెదిరించి డబ్బు గుంజొద్దు, అబద్ధపు నేరం మోపొద్దు, జీతంతో తృప్తిపడండి. అన్నీ బట్ట, తిండి, డబ్బు గురించే! అందుకే ఈ వారమే బీరువా తెరవండి. కట్టని చీరలు, వేసుకోని చొక్కాలు బయటికి తీయండి, చిరిగినవి కాదు, మంచివే. ఆఫీసులో మామూళ్లు తీసుకుంటుంటే ఈరోజుతో ఆపేయండి. పనిమనిషికి జీతం బాకీ ఉంటే సాయంత్రంలోపు ఇచ్చేయండి.

సమస్య: ప్రసంగం వింటుంటే "ఇది ఫలానావాళ్లు వినాలి" అనిపిస్తుంది.

కారణం: తాతల నాటి నుంచి విశ్వాసులమన్న ధీమా. "అబ్రాహాము మాకు తండ్రి" అన్నవాళ్లదీ ఇదే జబ్బు. ఈ రాళ్లవల్ల కూడా దేవుడు అబ్రాహాముకు పిల్లలను పుట్టించగలడని యోహాను తెగేసి చెప్పాడు.

పరిష్కారం: మీరు నష్టపరిచినవాళ్ల పేర్లు కాగితం మీద రాయండి. సుంకరి జక్కయ్య యేసును కలిశాక, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. మీరు కనీసం అసలైనా తీర్చండి.

సమస్య: రాకడ అంటే టెన్షన్. యూట్యూబ్‌లో తేదీలు చెప్పే వీడియోలు చూస్తూ నిద్ర పట్టదు.

కారణం: వచ్చేవాడి మీద కాకుండా వచ్చే రోజు మీద చూపు పడింది. అమెరికాలో విలియం మిల్లర్ అనే బోధకుడి అనుచరులు 1844 అక్టోబరు 22న ప్రభువు వస్తాడని ఎదురుచూసి గుండె పగిలి మిగిలిపోయారు. ఆ దినం, ఆ గడియ తండ్రికి తప్ప ఎవరికీ తెలియదని యేసే చెప్పాడు.

పరిష్కారం: ఆ వీడియోలు ఆపి మలాకీ 3వ అధ్యాయం చదవండి. వెండిని శోధించి శుద్ధి చేసేవాడిలా ప్రభువు కూర్చుంటాడని అక్కడుంది. వెండిని నిప్పులో పెట్టేది పారేయడానికి కాదు, దానికి విలువుంది కాబట్టే.

సమస్య: ఎలాగూ వస్తాడు కదా అని పని మీద మనసు పోదు.

పరిష్కారం: తొలినాటి థెస్సలొనీక సంఘంలోనూ కొందరు పని మానేశారు. పని చేయడానికి ఇష్టపడనివాడు తినకూడదని అపొస్తలుడైన పౌలు వాళ్లకు రాశాడు. రేపు డ్యూటీకి వెళ్లండి.

సమస్య: అన్నీ బాగానే ఉన్నాయి, పొలం తగాదా వల్ల తమ్ముడితో మాత్రం మాటల్లేవు.

కారణం: దీన్ని ఇంటి గొడవగా చూస్తున్నారు, రాకడతో ముడిపెట్టడం లేదు. మలాకీ గ్రంథం చివరి మాటలు తండ్రుల హృదయాలు పిల్లల తట్టు, పిల్లల హృదయాలు తండ్రుల తట్టు తిరగడం గురించే. యోహాను చేయబోయే పని అదేనని దూత అతని తండ్రి జెకర్యాకు చెప్పాడు.

పరిష్కారం: ఆదివారం కానుక వేయకముందే ఫోన్ చేయండి. ఎత్తకపోతే "క్రిస్మస్‌కి ఇంటికి రా" అని మెసేజ్ పెట్టండి. పొలం సంగతి అందులో ఎత్తొద్దు.