అరికాలి మచ్చను వదిలేయొద్దు

నెల్లూరు మడుల్లో, రొయ్యల గుంటల గట్ల మీద చెప్పుల్లేకుండా తిరిగే కాలికి నల్లమచ్చ కనిపిస్తే ‘ముల్లు దిగిందిలే’ అనుకుంటాం. మన ఛాయ వాళ్లకు మెలనోమా అనే చర్మ క్యాన్సర్ అరుదే. వస్తే మాత్రం ఎక్కువగా అరికాల్లో, అరచేతిలో, గోటి కింద వస్తుంది. ముందు అక్కడే చూడండి.

కాలు కడిగి తుడిచి, పగటి వెలుతురులో మచ్చ పక్కన స్కేలు పెట్టి ఫోటో తీయండి. నెలకోసారి అదే దూరం నుంచి మళ్లీ తీసి పోల్చండి. అంచు కాస్త చెదిరి, గోధుమరంగులో రెండు ఛాయలున్నా, ఏళ్ల తరబడి మారని మచ్చ చాలావరకు హాని లేనిదే. మచ్చలో ఒక సగం రెండో సగంలా లేకపోవడం, నలుపు, ఎరుపు, తెలుపు కలగలవడం, 6 మిల్లీమీటర్లు దాటడం, కొత్తగా పెరగడం, రక్తం కారడం అనుమానించాల్సినవి. ఒంటిమీది మిగతా మచ్చలతో కలవనిదాన్నీ చూపించాలి.

గోటి కింద నలుపుకు ఒక పరీక్ష ఉంది. దెబ్బకు గడ్డకట్టిన రక్తమైతే గోరు పెరిగేకొద్దీ ముందుకు జరుగుతుంది. కాలి బొటనవేలికి పూర్తిగా పోవడానికి ఏడాది దాటొచ్చు. మొదలు నుంచి కొసదాకా నిలువుచారలా ఉండిపోయి, వెడల్పవుతూ, గోటి చుట్టూ చర్మానికి నలుపు పాకితే ఆగకండి. చాలా వేళ్లకు సన్నని చారలుంటే సాధారణంగా భయం లేదు.

సున్నం, యాసిడ్, లేజర్‌తో మచ్చను కాల్చనివ్వకండి. కాలిపోతే బయాప్సీకి, అంటే కోసి పరీక్షించడానికి, ముక్క మిగలదు, ఎంత లోతుకు దిగిందో తెలియదు. చికిత్స ముఖ్యంగా ఆ లోతును బట్టి ఉంటుంది. నెల్లూరులోనో ఒంగోలులోనో చర్మవైద్యులకు చూపించి, మచ్చను పెద్దదిగా చూపే డెర్మోస్కోప్‌తో చూడమని అడగండి. ఫోటోలన్నీ వెంట తీసుకెళ్లండి.