పీహెచ్ లెక్క ఎక్కడ తప్పుతోంది?

విశాఖలో ఇంటర్, డిగ్రీ పిల్లలకు అయానిక సమతాస్థితి, అంటే ఆమ్లాలు, క్షారాలు నీటిలో అయాన్లుగా విడిపోయే లెక్కలు, చెబుతుంటాను. ద్రావణం ఎంత ఆమ్లమో చెప్పే సంఖ్యే పీహెచ్; 7 తటస్థం, తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. సూత్రాలు అందరికీ కంఠతా వచ్చు. ద్రావణంలో చివరికి ఏం మిగిలిందో చూడకుండా సూత్రం అందుకోవడం వల్లే లెక్క చెడుతోంది. కింది విలువలన్నీ 25 డిగ్రీల సెల్సియస్ దగ్గరివి.

ఆమ్లానికి పీహెచ్ 8 వచ్చింది

10⁻⁸ మోలార్ (లీటరుకు 10⁻⁸ మోల్) హైడ్రోక్లోరిక్ ఆమ్లం లెక్క ఇది. ఆమ్లాన్ని ఎంత పలచన చేసినా క్షారం కాదు. నీరు తనంతట తానిచ్చే హైడ్రోజన్ అయాన్లను వదిలేశారన్నమాట. నీటి వాటాను 'య' అనుకోండి: (10⁻⁸ + య) × య = 10⁻¹⁴. సాధిస్తే పీహెచ్ 6.98. ఆమ్లం గాఢత 10⁻⁶ కంటే తక్కువైతే ఈ మెట్టు తప్పదు.

కలిపిన ద్రావణానికి జవాబు కుదరడం లేదు, లేదా కాలిక్యులేటర్ ఎర్రర్ చూపిస్తోంది

మార్కులు ఎక్కువగా పోయేది ఇక్కడే, అందుకే కాస్త నిదానంగా చూద్దాం. 0.1 మోలార్ ఎసిటిక్ ఆమ్లం 50 మి.లీ. తీసుకుని, అంతే గాఢత ఉన్న సోడియం హైడ్రాక్సైడ్ 20 మి.లీ. పోశాం. ఆమ్లం 5 మిల్లీమోల్‌లు, క్షారం 2. చాలామంది హెండర్సన్ సమీకరణంలో (పీహెచ్ = పీకేఏ + లాగ్(లవణం/ఆమ్లం); ఎసిటిక్ ఆమ్లం బలాన్ని చెప్పే పీకేఏ 4.74) 2/5 వేసి 4.34 తెస్తారు. కానీ ఆ 2 మిల్లీమోల్‌ల క్షారం అంతే ఆమ్లాన్ని తినేసింది. మిగిలిన ఆమ్లం 3, పుట్టిన లవణం 2. కాబట్టి 4.74 + లాగ్(2/3) = 4.56.

క్షారం 50 మి.లీ. పోస్తే ఆమ్లం సున్నా. సున్నాతో భాగించమంటే కాలిక్యులేటర్ మొరాయిస్తుంది. అక్కడున్నది బఫర్ (బలహీన ఆమ్లం, దాని లవణం కలిసున్న ద్రావణం) కాదు, సోడియం ఎసిటేట్ ఒక్కటే, దానికి జలవిశ్లేషణ సూత్రం (పీహెచ్ = 7 + ½(పీకేఏ + లాగ్ గాఢత)) వాడాలి. మొత్తం ఘనపరిమాణం 100 మి.లీ. అయింది గనుక గాఢత 0.05, పీహెచ్ 8.72. ఇక్కడ 0.1 వేస్తే 8.87 వస్తుంది, తప్పు. 60 మి.లీ. పోస్తే మిగులు క్షారానిదే రాజ్యం: 110 మి.లీ.లో 1 మిల్లీమోల్, పీహెచ్ 11.96.

సూత్రం రాసే ముందు మిల్లీమోల్‌ల పట్టిక వేయమని పట్టుబట్టేది ఇందుకే.

వర్గమూలం సూత్రం కొద్దిగా తేడా చూపిస్తోంది

బలహీన ఆమ్లానికి హైడ్రోజన్ అయాన్ల గాఢత = √(Ka × ఆమ్లం గాఢత) అనేదే ఆ సూత్రం; Ka ఆమ్లం అయనీకరణ స్థిరాంకం. ఎసిటిక్ ఆమ్లం 0.0001 మోలార్ అయితే అది 4.37 ఇస్తుంది. అసలు విలువ 4.46. అయనీకరణం (ఆమ్లం అయాన్లుగా విడిపోయిన వాటా) 5 శాతం దాటితే వర్గ సమీకరణం సాధించాల్సిందే.

లెక్క సరిగ్గానే ఉంది, మీటర్ ఒప్పుకోవడం లేదు

గాలి తగిలిన స్వేదనజలం 5.6 దగ్గర చూపిస్తే కంగారు పడకండి, అది కరిగిన కార్బన్ డయాక్సైడ్. 0.1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం 1.0 బదులు 1.1 చూపించడానికి కారణం, మీటర్ కొలిచేది గాఢతను కాదు, క్రియాశీలతను (అయాన్లు నిజంగా పనిచేసే మేరను). మన ఎండాకాలంలో ఏసీ లేని ల్యాబ్ 35 డిగ్రీలుంటే తటస్థ బిందువే 6.84కి దిగుతుంది. ఆ ఉష్ణోగ్రత దగ్గరే బఫర్లతో మీటర్‌ను సరిచేయండి.

ఆర్కే బీచ్ నీళ్లు తెచ్చి లెక్క కట్టాలనుకునేవారికి ఒక మాట. సముద్రపు నీటి పీహెచ్ సుమారు 8.1. దాన్ని నడిపించేది కార్బోనేట్ వ్యవస్థ. అయానిక బలం (కరిగిన అయాన్లు ఎంత దట్టంగా ఉన్నాయో చెప్పే కొలత) దాదాపు 0.7 ఉంటుంది కాబట్టి పాఠ్యపుస్తకంలోని స్థిరాంకాలు అక్కడ పనికిరావు. ఆ లవణీయతకు, ఆ ఉష్ణోగ్రతకు సముద్రజలంలోనే కొలిచిన స్థిరాంకాలు వాడాలి.