వేసవి చెమటను తేలిగ్గా తీసుకోకండి: గంజాం, గజపతి జిల్లాల షుగర్ ఉన్నవాళ్లకు

మార్చి దాటితే బరంపురం, పర్లాకిమిడి వైపు ఉక్క మొదలు. పెళ్లిళ్లు, మామిడిపళ్లు, ఠాకురాణి యాత్ర పడిన ఏడాదైతే రాత్రిళ్లు తిరుగుళ్లు కూడా. "ఈ రెండు నెలలు పోనీ, వానలు పడ్డాక షుగర్ సంగతి చూద్దాం" అనే మాట ఈ రోజుల్లోనే వినిపిస్తుంది.

దయచేసి వాయిదా వేయకండి, ముఖ్యంగా షుగర్ కొత్తగా బయటపడ్డవాళ్లు. బ్రిటన్‌లో 1977లో మొదలైన యూకేపీడీఎస్ అనే షుగర్ చికిత్స పరిశోధన 1997లో ముగిసేనాటికి, మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వాడినవాళ్లను మినహాయిస్తే, గుండెపోట్లలో తేడా గట్టిగా తేలలేదు. మరో పదేళ్లు గమనిస్తే, మొదట్నుంచీ షుగర్‌ని గట్టిగా అదుపు చేసినవాళ్లలో గుండెపోట్లు 15 శాతం తగ్గాయి. మెట్‌ఫార్మిన్‌తో మొదలుపెట్టిన అధిక బరువు వాళ్లలోనైతే 33 శాతం. మధ్యలో వాళ్ల షుగరూ, మామూలు చికిత్స తీసుకున్నవాళ్ల షుగరూ ఇంచుమించు ఒకటైపోయినా, ముందు పడ్డ కష్టం గుండెకు కలిసొచ్చింది.

అలాగని అన్నం మానేసి మాత్రలు మింగొద్దు. అకార్డ్ పరిశోధనలో, ఏళ్లుగా షుగర్ ఉండి గుండెకు ముప్పున్నవాళ్లకు హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) 6 శాతం లోపుకు దించబోతే మరణాలు పెరిగాయి. 2008లో ఆ చికిత్స ఆపేశారు. చాలామందికి 7 లోపు ఉంటే చాలు. పెద్దవయసు వాళ్లకు డాక్టర్లు ఇంకాస్త సడలిస్తారు.

నన్ను అన్నిటికంటే భయపెట్టేది చెమట. అమ్మ వంటింట్లోంచి వచ్చి ఫ్యాను కింద కూలబడుతుంది. జాకెట్టు తడిసి వీపుకంటుకుని ఉంటుంది, ఒళ్లు చల్లగా ఉంటుంది. "ఎండకేలే, మజ్జిగ తాగు" అంటాం. షుగర్ పడిపోయినా ఇలాగే చెమట పడుతుంది. గుండెపోటు వచ్చినా ఇంతే. ఏళ్లుగా షుగర్ ఉన్నవాళ్లకు నరాలు మొద్దుబారి ఛాతీనొప్పి తెలియకపోవచ్చు. ఆయాసం, వికారం, నీరసమే కనిపించొచ్చు.

వెంటనే గ్లూకోమీటర్ తీయండి. 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి ఇచ్చి, 15 నిమిషాలకు మళ్లీ చూడండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, 108కి ఫోన్ చేయండి. షుగర్ బాగానే ఉండి చెమట, ఆయాసం తగ్గకపోయినా 108కే చేయండి. ఇసిజి తీయించాల్సిందే, తెల్లారేదాకా ఆగొద్దు.

ఒడియావాళ్ల పఖాళ అయినా, మన చద్దన్నమైనా అన్నమే, కొలత తప్పొద్దు. మామిడిపండు తింటే ఆ పూట అన్నం తగ్గించండి. కరెంటు పోయే ఊళ్లలో ఇన్సులిన్‌ని మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టి, కొద్దిగా నీళ్లున్న మట్టికుండలో ఉంచండి. బండి డిక్కీలో మాత్రం పెట్టకండి. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే మెట్‌ఫార్మిన్, బీపీకి వాడే నీరు మాత్రలు ఆపాలా వద్దా అని అదే రోజు డాక్టరుకి ఫోన్ చేసి అడగండి.