టచ్ ఒక బూట్‌లో లేస్తుంది, ఇంకో బూట్‌లో లేవదు: లినక్స్ డ్రైవర్ల వరుస సరిచేయడం

టచ్‌స్క్రీన్ డ్రైవర్ ప్రోబ్ అయ్యేసరికి (కెర్నెల్ దాన్ని డివైస్‌కి జతచేసి మొదలుపెట్టేసరికి) దానికి కరెంటిచ్చే పీఎంఐసీ (బోర్డులో కరెంటు పంచే చిప్) రెగ్యులేటర్ ఇంకా రిజిస్టర్ కాలేదు. గొడవంతా ఇదే. చాలామంది వెంటనే పీఎంఐసీ డ్రైవర్‌లో మాడ్యూల్_ఇనిట్ తీసేసి సబ్‌సిస్_ఇనిట్‌కాల్ పెడతారు, అంటే బూట్‌లో డ్రైవర్లు మొదలయ్యే వరుసలో 6వ లెవెల్ నుంచి ముందున్న 4కి. వద్దు. మాడ్యూల్‌గా (కెర్నెల్‌లో కలపకుండా విడిగా లోడయ్యే ఫైలుగా) బిల్డ్ చేస్తే ఆ లెవెల్‌కి విలువే లేదు. పైగా అదే పీఎంఐసీ ఉన్న వేరే బోర్డులో ప్రోబ్ వరుస మారి, నిన్నటి ఎంఎంసీబీఎల్‌కే0 (మెమరీ కార్డుకి కెర్నెల్ పెట్టే పేరు) ఇవాళ 1 అయి కూర్చోవచ్చు. అప్పుడు రూట్ (సిస్టమ్ ఫైళ్లున్న విభాగం) మౌంట్ కాదు.

టచ్ లేవని బూట్‌లోనే /సిస్/కెర్నెల్/డీబగ్/డివైసెస్_డిఫర్డ్ ఫైలు చదవండి. టచ్ పేరు అందులో ఉంటే అది సప్లయర్ (ఇక్కడ పీఎంఐసీ) కోసం ఇంకా ఎదురుచూస్తోంది. పీఎంఐసీ ఎందుకు లేవలేదో చూడాలి. పేరు లేదు, టచ్ కూడా లేదంటే తప్పు టచ్ డ్రైవర్‌లోనే వెతకండి. రెగ్యులేటర్ అడిగినప్పుడు కెర్నెల్ ఇచ్చిన -517ని (‘తర్వాత రా’ అని అర్థం) మింగేసి, అది -ఈనోడెవ్ (‘డివైస్ లేదు’) అని తిరిగిచ్చి ఉంటుంది. ఇక కెర్నెల్ దాన్ని మళ్లీ పిలవదు. అక్కడ వచ్చిన ఎర్రర్‌నే డెవ్_ఎర్_ప్రోబ్ అనే కెర్నెల్ ఫంక్షన్‌తో తిరిగివ్వండి. ఆగిన కారణం కూడా పై ఫైల్లో కనిపిస్తుంది.

రెగ్యులేటర్, క్లాక్, జీపీఐఓ (సిగ్నల్ పిన్నులు) అన్నీ ప్రోబ్ మొదట్లోనే తీసుకోండి. చైల్డ్ డివైస్‌ని (మీ డ్రైవర్ తన కింద సృష్టించే డివైస్‌ని) రిజిస్టర్ చేశాక -517 ఇస్తే, ఆ చైల్డ్ ప్రోబ్ కాగానే ఆగినవాటిని కెర్నెల్ మళ్లీ లేపుతుంది, మీది మళ్లీ -517 ఇస్తుంది. ఇది అంతులేని చక్రం.

కెర్నెల్ లాగ్‌లో ‘డమ్మీ రెగ్యులేటర్ వాడుతున్నా’ అన్న లైను ఉంటే డ్రైవర్ జోలికి పోకండి. డివైస్ ట్రీలో (బోర్డు హార్డ్‌వేర్ వివరాలుండే ఫైల్లో) వీడీడీ-సప్లై, అంటే చిప్‌కి కరెంటు ఎక్కడినుంచో చెప్పే లైను, రాయలేదు. కరెంటు రాని చిప్‌తో డ్రైవర్ ఐ2సీ (చిప్‌లు మాట్లాడుకునే రెండు తీగల దారి) మీద మాట్లాడబోయి ఫెయిలవుతోంది.

లినక్స్ కెర్నెల్ 5.13 నుంచి ఎఫ్‌డబ్ల్యూ_డెవ్‌లింక్ అనే సదుపాయం డిఫాల్ట్‌గా ఆన్. డివైస్ ట్రీ చూసి సప్లయర్‌ని అదే ముందు ప్రోబ్ చేయిస్తుంది, డ్రైవర్ తప్పు కప్పబడిపోతుంది. అందుకే బూట్ లైన్‌లో దాన్ని ఆఫ్ చేసి కూడా పరీక్షించండి. పీఎంఐసీ డ్రైవర్‌ని మాడ్యూల్‌గా కట్టి, తనంతట లోడవకుండా బ్లాక్‌లిస్ట్ చేసి, బూటయ్యాక చేత్తో మోడ్‌ప్రోబ్ కమాండ్‌తో లోడ్ చేస్తే టచ్ దానంతటదే లేవాలి. (రూట్ కార్డుకీ అదే పీఎంఐసీ కరెంటిస్తుంటే ఈ పని రూట్ మౌంట్‌కి ముందు నడిచే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ షెల్‌లో చేయండి.) తర్వాత బిల్ట్-ఇన్‌గా కట్టి, కోల్డ్ బూట్ 20 సార్లు, సస్పెండ్-రెజ్యూమ్, అన్‌బైండ్-బైండ్ (డ్రైవర్‌ని విడదీసి మళ్లీ కలపడం) చూడండి. డివైస్ ట్రీ మార్పునీ డ్రైవర్ మార్పునీ వేర్వేరు ప్యాచ్‌లుగా పంపండి. బైసెక్ట్ చేసేవాడికి (ప్యాచ్‌లని సగం సగం చేస్తూ తప్పు వెతికేవాడికి) ఏది కొంప ముంచిందో తెలుస్తుంది.