కన్సోల్‌లో రెయిన్‌బో సిక్స్ సీజ్ ఆడటం ఎలా? ముందు చెవి, తర్వాత కన్ను, చివర్న తుపాకీ

కొత్తగా ఈ ఆట మొదలుపెట్టినవాళ్లలో చాలామంది గుడ్డెద్దు చేలో పడ్డట్టు బిల్డింగ్‌లోకి దూరిపోతారు. నేనూ అంతే. వేరే షూటింగ్ గేముల్లో చెయ్యి తిరిగినవాణ్ని కదా అన్న ధీమాతో తలుపు బద్దలుకొట్టుకుని లోపలికి పరిగెత్తాను. ఎవరు కాల్చారో, ఎక్కణ్నుంచి కాల్చారో తెలియకుండానే పోయాను. ఆ రౌండ్ అయ్యేదాకా మిగతావాళ్లు ఆడుతుంటే చూస్తూ కూర్చోవడమే. ఇందులో చచ్చిపోతే అదే రౌండ్‌లో మళ్లీ బతకడం ఉండదు. తలకు ఒక్క బుల్లెట్ తగిలితే చాలు, ఎంత పెద్ద కవచం వేసుకున్నా కథ ముగిసినట్టే.

రెయిన్‌బో సిక్స్ సీజ్‌ని యూబీసాఫ్ట్ మాంట్రియల్ స్టూడియో తయారుచేసింది. 2015 డిసెంబరు 1న వచ్చింది. 2025 జూన్‌లో ‘సీజ్ ఎక్స్’ పేరుతో పెద్ద అప్‌డేట్ ఇచ్చి, చాలా భాగం ఉచితం చేశారు. డబ్బులు పెట్టకుండానే క్విక్ ప్లే, అన్‌ర్యాంక్డ్ అనే మామూలు మ్యాచ్‌లు ఆడుకోవచ్చు. ర్యాంకు కోసం పోటీపడే ర్యాంక్డ్ ఆడాలంటే మాత్రం కొనాలి. కథ నడిపే క్యాంపెయిన్ లేదు. అయిదుగురు ఉగ్రవాద వ్యతిరేక కమాండోలుగా దాడి చేస్తారు, అయిదుగురు లోపల కాపు కాస్తారు. మొదటి విడత ఆపరేటర్లను, అంటే మనం ఎంచుకుని ఆడే పాత్రలను, నిజంగా ఉన్న దళాల పేరుతోనే పెట్టారు: బ్రిటన్ ఎస్‌ఏఎస్, ఫ్రాన్స్ జీఐజీఎన్, జర్మనీ జీఎస్‌జీ 9, అమెరికా ఎఫ్‌బీఐ స్వాట్, రష్యా స్పెట్స్‌నాజ్. మన ఆక్టోపస్, ఎన్‌ఎస్‌జీ వాళ్లెవరైనా ఉన్నారా అని వెతక్కండి. మనదేశం తరఫున గుజరాత్‌లోని అమ్రేలిలో పుట్టినట్టు చూపించిన కాళి అనే స్నైపర్ 2019లో వచ్చింది. ఆమెది కూడా ప్రైవేటు సైన్యమే.

యూరప్‌లో దీనికి పెగీ 18 రేటింగ్ ఉంది, అంటే పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లకే. ఇంట్లో చిన్నపిల్లలు పక్కన కూర్చుని చూసే ఆట కాదు. వాయిస్ చాట్‌లో వినిపించే మాటలైతే ఆటకంటే ఘోరం. అది ఎప్పుడు కావాలంటే అప్పుడు మ్యూట్ చేసుకోవచ్చు.

ఆట కంటే ముందు టీవీ సంగతి

హాల్లో టీవీని సినిమాలు చూసే మోడ్‌లోనే వదిలేసి ఆడితే మీరు బటన్ నొక్కాక తెర మీద కాల్పు కాస్త ఆలస్యంగా కనబడుతుంది. టీవీ సెట్టింగ్స్‌లో గేమ్ మోడ్ ఆన్ చేయండి. మీ టీవీ 120 హెర్ట్జ్‌ది (సెకనుకు 120 సార్లు బొమ్మ మార్చేది) అయి, కన్సోల్ పీఎస్ 5 గానీ ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ గానీ అయితే, గేమ్‌లో పర్ఫార్మెన్స్ మోడ్ పెట్టుకోండి. సెకనుకు 120 ఫ్రేముల దాకా ఇస్తుంది. వీలైతే వైఫై మానేసి రౌటర్ నుంచి లాన్ కేబుల్ లాగండి. గోడ వెంట తీగ కనబడుతోందని ఇంట్లోవాళ్లు గొణుగుతారు, పట్టించుకోకండి.

అన్నిటికంటే ముఖ్యం హెడ్‌సెట్. ఖరీదైనదే అక్కర్లేదు, కంట్రోలర్‌కి గుచ్చుకునే మామూలు ఇయర్‌ఫోన్స్ అయినా సరే. టీవీ స్పీకర్లతో ఈ ఆట ఆడటమంటే ఒక చెవి మూసుకుని ఆడటమే. ఆడియో సెట్టింగ్స్‌లో డైనమిక్ రేంజ్ అని ఒకటుంటుంది. దాన్ని ‘నైట్ మోడ్’లో పెట్టి చూడండి. పేరు చూసి ఇంట్లోవాళ్లు పడుకున్నాక వాడేది అనుకుంటారు గానీ, పేలుళ్ల మోత తగ్గించి, సన్నటి అడుగుల చప్పుడు పైకి తెస్తుంది. పగలు కూడా అదే పెట్టుకుని ఆడేవాళ్లు చాలామంది.

కంట్రోలర్ సర్దుకోవడం

కన్సోల్‌లో వచ్చే చాలా షూటింగ్ గేములు గురి చూడటంలో మనకు దొంగచాటుగా సాయం చేస్తాయి. స్టిక్ అటూ ఇటూగా తిప్పినా గురి దానంతటదే శత్రువుకు అతుక్కుంటుంది. సీజ్‌లో మనుషులతో ఆడే మ్యాచ్‌లలో ఆ ఎయిమ్ అసిస్ట్ లేదు. తప్పంతా మీ బొటనవేలిదే.

అందుకే సెన్సిటివిటీని, అంటే స్టిక్ తిప్పితే గురి ఎంత వేగంగా కదలాలన్నదాన్ని, మొదట తక్కువలో పెట్టండి. గేమ్‌లోనే ఉండే షూటింగ్ రేంజ్‌లోకి వెళ్లి ఒక బొమ్మ తల నుంచి పక్క బొమ్మ తలకు గురి మార్చి చూడండి. ప్రతిసారీ తల దాటి ముందుకు పోతుంటే ఇంకా తగ్గించాలి, చేరలేకపోతుంటే కాస్త పెంచాలి. స్టిక్ వదిలేసినా గురి మెల్లగా పక్కకు జారుతుంటే మీ కంట్రోలర్ స్టిక్ అరిగిందన్నమాట. డెడ్‌జోన్ (స్టిక్ కాస్త కదిలినా గేమ్ పట్టించుకోని మేర) కొద్దిగా పెంచితే ఆ జారడం ఆగుతుంది. జారడం ఆగేంత వరకే పెంచండి, అంతకుమించి పెంచితే చిన్న చిన్న కదలికలు పోతాయి. కుదిరిందనుకున్నాక రోజుకోసారి మార్చకండి. రెండు వారాలైనా అలాగే ఉంచితేనే వేలికి అలవాటు పడుతుంది.

కన్సోల్‌కి కీబోర్డు, మౌస్ తగిలించే అడాప్టర్ ఒకటి కొనుక్కోమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. ‘మౌస్‌ట్రాప్’ అనే ఏర్పాటు 2023 నుంచి అలాంటివాళ్లను పసిగట్టి శిక్ష వేస్తోంది.

ఇంకో సంగతి. గురి చూస్తున్నప్పుడు ఎడమ స్టిక్ నొక్కితే ఎడమకి, కుడి స్టిక్ నొక్కితే కుడికి వంగుతారు. తలుపు చాటు నుంచి ఒళ్లంతా బయటపెట్టకుండా తల మాత్రం పెట్టి చూడటానికి ఇదే దారి. చేతికి మొదట్లో ఇబ్బందే. షూటింగ్ రేంజ్‌లో రోజూ పది నిమిషాలు ఇదొక్కటే చేయండి.

ఒక ఇల్లు నేర్చుకోండి

మ్యాప్‌లు, అంటే ఆట జరిగే బిల్డింగులు, చాలా ఉన్నాయి. అన్నీ ఒకేసారి నేర్చుకుందామనుకుంటే ఒక్కటీ రాదు. బ్యాంక్, క్లబ్‌హౌస్, కేఫ్, షాలే, వీటిలో ఒకటి తీసుకుని కంప్యూటర్ నడిపే ఏఐ బాట్‌లతో ఆడే శిక్షణ మోడ్‌లో తిరగండి. కాల్పుల సంగతి మరచిపోయి కొత్తింట్లోకి అద్దెకు దిగినవాళ్లలా చూడండి: మెట్లెక్కడ, వంటిల్లు ఏ గది పైన ఉంది, ఏ గదికి ఎన్ని తలుపులు, నేలలో చెక్క మూతలు ఎక్కడెక్కడ ఉన్నాయి.

ఈ ఆటలో గోడ అంటే గోడ కాదు. చెక్క, ప్లాస్టర్ గోడల్లోంచి తూటాలు వెళ్తాయి, బాంబు పెడితే మనిషి దూరేంత కన్నం పడుతుంది. చాలా చోట్ల నేల కూడా అంతే. పై గదిలో నిలబడి కాళ్ల కింద కన్నం చేసి కింద దాక్కున్నవాణ్ని కాల్చొచ్చు. కాంక్రీటు, ఇటుక మాత్రం చెక్కుచెదరవు. ఎక్కడ దాక్కున్నా ‘నా వెనకున్నది ఏ గోడ, నా తల మీద ఏముంది’ అని చూసుకోవడం మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోండి.

డిఫెన్స్‌లో మొదటి 45 సెకన్లు

రౌండ్ మొదలవడానికి ముందు ఇల్లు కట్టుదిట్టం చేసుకోవడానికి 45 సెకన్లు ఇస్తారు. జట్టు మొత్తానికి పది ఇనుప రేకులు. వాటిని మెత్తటి గోడలకు, నేల మూతలకు బిగిస్తే మామూలు బాంబులకు లొంగవు.

నేను చేసిన పాడుపని ఒకటి చెప్పాలి. బాంబ్ మోడ్‌లో రెండు గదుల్లో రెండు బాంబులుంటాయి. దాడికి వచ్చినవాళ్లు వాటిలో ఒకదాని దగ్గర డిఫ్యూజర్ అనే యంత్రం పెట్టి దాన్ని పనిచేయకుండా చేయాలి, మిగతావాళ్లు ఆపాలి. కొత్తలో ఆ రెండు గదుల మధ్య గోడకే ఇనుప రేకు బిగించాను. భద్రంగా ఉంటుందనుకున్నాను. హెడ్‌సెట్‌లో ఎవరో హిందీలో తిట్టారు, ఇంకొకరు ఏ భాషలోనో తెలియలేదు గానీ అదీ తిట్టే. మా వాళ్లు ఒక గది నుంచి ఇంకో గదికి చూడటానికి, వెళ్లడానికి ఉన్న దారిని నేనే మూసేశాను మరి. బయటివైపు గోడలకు, తల మీది మూతలకు రేకులు వేయండి. బాంబుల మధ్య గోడను వదిలేయండి, వీలైతే దానికి కన్నం పెట్టండి.

కొత్తవాళ్లకు రూక్ అనే ఆపరేటర్ మంచివాడు. రౌండ్ మొదట్లో కవచాల సంచీ నేల మీద పెడితే అందరూ తలా ఒకటి తీసుకుంటారు. మీ పని సగం అయిపోయినట్టే. మ్యూట్ అనే ఆపరేటర్ అయితే జామర్లు పెట్టి శత్రువుల డ్రోన్లను (నేల మీద తిరిగే చిన్న కెమెరా బండ్లను) ఆపేస్తాడు. ఆపరేటర్లందరూ మొదటి నుంచే అందుబాటులో ఉండరు. ఉన్నవాళ్లలో ఒకరిద్దర్ని పట్టుకుని వాళ్లతోనే ఆడండి.

ఇల్లు సర్దాక కదలకుండా కూర్చోండి. నిదానమే ప్రధానం. కిటికీలోంచి బయటికి దూకి శత్రువులను వేటాడాలనిపిస్తుంది. బయట కాసేపు ఉంటే చాలు, మీరెక్కడున్నారో వాళ్ల తెర మీద పడిపోతుంది.

చెవి పని

గోడలకు చెవులుంటాయని పెద్దలన్నది ఈ ఆట చూసే అన్నట్టుంటుంది. చప్పుడు ఇందులో గోడను చీల్చుకుని నేరుగా రాదు. తలుపు, కిటికీ, గోడకు పడ్డ కన్నం, ఇలా ఎక్కడ ఖాళీ దొరికితే ఆ దారిన చుట్టుతిరిగి వస్తుంది. పై గదిలో నడుస్తున్నవాడి అడుగులు మెట్ల వైపు నుంచి వినిపించవచ్చు. మెట్ల మీద ఎవరో ఉన్నారనుకుని అటు గురిపెడతారు, వాడేమో మీ నెత్తిన ఉంటాడు. కాసేపటికి ఎవరో పై గది నేలకు కన్నం చేస్తే, అవే అడుగులు తిన్నగా పైనుంచి వినబడతాయి. ఇది తెలిస్తే ‘చప్పుడెక్కడ’ అని మాత్రమే కాకుండా ‘ఇక్కడికి రావడానికి దానికున్న దారేది’ అని ఆలోచిస్తారు.

పరిగెత్తితే అవతలివాళ్లకు డప్పు కొట్టి చెప్పినట్టే. వంగి నడిస్తే చప్పుడు బాగా తగ్గుతుంది. ముళ్ల తీగ మీద కాలుపడితే గలగలమంటుంది. డిఫెన్స్‌లో మీకది కాపలా కుక్క లాంటిది, తలుపు దగ్గర పరిచిపెట్టండి. బయటి గోడ మీద తాడు పట్టుకుని ఎక్కేవాడి బూట్లు, ఎక్కడో తుపాకీ రీలోడ్ చేస్తున్న క్లిక్, ఇవన్నీ మీకు సమాచారమే. ఒక్కోసారి నేను పది సెకన్లు కంట్రోలర్ కదపకుండా వింటూ ఉండిపోతాను. పక్కన చూసేవాళ్లకు విసుగే.

అటాక్‌కి వెళ్లేటప్పుడు

మీ చేతికి రెండు డ్రోన్లు ఇస్తారు. మొదటిదాన్ని ఆ 45 సెకన్లలోనే నడిపి, బాంబులు ఏ గదిలో ఉన్నాయో చూడాలి. దొరికాక ఆశపడి గది మధ్యకు తీసుకెళ్లకండి, కాల్చేస్తారు. సోఫా కిందో, అల్మరా చాటునో నిలిపేయండి. తర్వాత అది కెమెరాగా పనికొస్తుంది. లోపల ఎవరెవరున్నారో చూశాక, మీ ఆపరేటర్‌ని అప్పటికప్పుడు మార్చుకునే వీలు కూడా ఉంది.

రెండో డ్రోన్‌ని దాచుకోండి. లోపలికి అడుగుపెట్టే ప్రతి కొత్త గదికీ ముందు దాన్ని పంపండి. డ్రోన్ చూడని గదిలోకి మనిషి వెళ్లకూడదు, ఇదొక్కటి పాటిస్తే మీ చావులు సగానికి తగ్గుతాయని నా నమ్మకం. మీరు డ్రోన్ తెర చూస్తున్నప్పుడు మీ మనిషి గుడ్డివాడు, కాబట్టి ముందు ఒక మూల చూసుకుని కూర్చోండి.

ఇనుప రేకు బిగించిన గోడ తెరవాలంటే థర్మైట్ లాంటి ఆపరేటర్లు కావాలి. కానీ లోపల బ్యాండిట్ అనే డిఫెండర్ ఆ రేకుకు బ్యాటరీ తగిలించి కరెంటు పెట్టి ఉంటే, థర్మైట్ అంటించిన బాంబు కాస్తా మాడిపోతుంది. అప్పుడు మీ జట్టులోని థాచర్ విసిరే ఈఎంపీ గ్రెనేడ్ (ఎలక్ట్రానిక్ పరికరాలను ఆపేసేది) బ్యాటరీని ఆపుతుంది, ఆ సందులో థర్మైట్ పని కానిస్తాడు. ఈ గొలుసు అర్థమైన రోజు మీకు ఆట అర్థమైనట్టు. ఒంటరిగా గెలిచే ఆపరేటర్ లేడు. ఇంకా ఇవన్నీ వద్దనుకుంటే స్లెడ్జ్‌ని తీసుకోండి, చేతిలో పెద్ద సుత్తి, మెత్తటి గోడ కనబడితే కొట్టడమే.

గదిలోకి ఒక్కసారిగా దూకకండి. తలుపు పక్క నుంచి ఒక్కో అడుగు వేస్తూ గదిని కొంచెం కొంచెంగా తెరుచుకోండి, నిజం దళాలు చేసేదీ అదే. గురి ఎప్పుడూ తల ఎత్తులోనే ఉంచండి. నేలను చూస్తూ నడవడం కొత్తవాళ్ల రోగం. ఎయిమ్ అసిస్ట్ లేదు కాబట్టి ఇక్కడొక కిటుకు: కుడి స్టిక్‌తో గురిని అటూ ఇటూ లాగడం తగ్గించి, ఎత్తు సరిచూసుకున్నాక ఎడమ స్టిక్‌తో పక్కకు నడవండి. మనిషి గురిలోకి తనంతట తనే వస్తాడు. పెద్ద బొటనవేలి నైపుణ్యం అక్కర్లేదు.

కాల్చేముందు అది మనవాడేనా కాదా చూసుకోవాలి. మనవాళ్లకు తగిలినా ప్రాణం పోతుంది. పదేపదే అలా చేస్తే ఆ దెబ్బ మీకే తిరిగి తగిలేలా గేమ్ మార్చేస్తుంది.

చచ్చిపోయాక ఫోన్ తీయకండి. మిగిలిన డ్రోన్లు, కెమెరాలు తిప్పి చూసి శత్రువు కనబడితే పింగ్ చేయండి, అంటే ఆ చోటు జట్టు మొత్తానికి కనబడేలా గుర్తు పెట్టండి. మైక్ లేకపోయినా, భాష రాకపోయినా పింగ్ అందరికీ అర్థమవుతుంది. మాట్లాడితే మాత్రం ‘అక్కడ, అక్కడ’ అనకుండా గది పేరు చెప్పండి. ప్రతి గది పేరూ తెర మీద కనబడుతూనే ఉంటుంది.

ర్యాంక్డ్‌లో రౌండ్ మూడు నిమిషాలే. రెండున్నర నిమిషాలు నిదానమే ప్రధానం అనుకున్నవాళ్లు, చివరి అరనిమిషంలో ఆలస్యం అమృతం విషం అనుకోవాలి. బాంబు గదిలోకి చేరి డిఫ్యూజర్ పెట్టడానికి ఏడు సెకన్లు పడుతుంది, అంతసేపూ మీ చేతులు కట్టేసినట్టే. తోటివాళ్లను కాపలా పెట్టుకుని కూర్చోండి. పెట్టాక 45 సెకన్లు దాన్ని కాపాడాలి. దాని పక్కనే నిలబడకండి. గది బయటికి వచ్చి, గోడకున్న ఏదో కన్నంలోంచి డిఫ్యూజర్ కనబడేలా పడుకోండి. దాన్ని పాడుచేయడానికి వాళ్లే మీ గురిలోకి రావాలి.