పెరట్లో చెమ్మ ఆరని మూలన తుంగ, జమ్ము పెంచడం ఎలా?

బోరు గట్టు పక్కన, నీళ్ల తొట్టి పొర్లే చోట, గిన్నెలు తోమే చప్టా నుంచి కాలువ దిగే దగ్గర నేల ఏడాదంతా చిత్తడిగానే ఉంటుంది. మల్లెనో మందారాన్నో అక్కడ నాటితే వేళ్లకు గాలి అందక కుళ్లిపోతాయి. ఆ మూలను మట్టి పోసి పూడ్చేముందు, మన చెరువుల అంచున తనంతట తానే పెరిగే తుంగను, జమ్మును ఒకసారి తలచుకోవాలని నా మనవి. వీటి కాడల్లోనూ ఆకుల్లోనూ ఉండే గాలి గదులు పైగాలిని బురదలోని వేళ్లదాకా చేరవేస్తాయి.

ముందుగా జానెడు లోతు గొయ్యి తీసి, వాన వెలిసిన మరునాడు చూడండి. నీరు ఎప్పుడూ నిలిచే ఉంటే జమ్ము, మట్టి తడిగా మాత్రమే ఉంటే చాపలు అల్లే తుంగ, ఎండాకాలంలో పూర్తిగా ఆరిపోతే వట్టివేరు సరిపోతాయి.

ఇక్కడ ఒక పొరపాటు జరుగుతుంటుంది. పొలాల్లో రైతును వేధించే తుంగముస్తలు వేరు, చాపల తుంగ వేరు. మొదటిది పొట్టిగా పెరుగుతుంది, దాని అడుగున సువాసన గల నల్లటి గడ్డలు గొలుసుకట్టుగా ఉంటాయి; అది ఒకసారి తోటలో పడితే వదిలించుకోవడం చాలా కష్టం. రెండోది మనిషి నడుము దాకా నిటారుగా ఎదుగుతుంది. తవ్వి గడ్డలు చూడకుండా ఏ మొక్కనూ ఇంటికి తేవద్దు.

తొలకరి పడ్డాక, స్థలం యజమానిని అడిగి, మురుగు కలవని కాలువ అంచు నుంచి ఒక దుబ్బు తీసుకోండి. గుర్రపుడెక్క ముక్కలు అంటుకొని రాకుండా వేళ్లను బాగా కడగాలి. రెండు మూడు పిలకలకు కొంత దుంపవేరు ఉండేలా విడదీసి, ఆకులను జానెడు ఎత్తుకు కత్తిరించి, అడుగు ఎడంతో నాటాలి. యూరియా అక్కర్లేదు.

జమ్మును మాత్రం నేరుగా నేలలో నాటకండి, ఎందుకంటే దాని దుంపవేళ్లు పక్కకు పాకి కొద్దికాలంలోనే మూలంతా ఆక్రమిస్తాయి. రంధ్రాలు లేని సిమెంటు తొట్టిని అంచుదాకా పాతి, బంకమట్టి నింపి, అందులో నాటి, పైన 5 నుంచి 10 సెంటీమీటర్ల నీరు ఉంచితే చాలు.

నిలిచిన నీటిలో దోమలు వారం పది రోజుల్లోనే గుడ్డు నుంచి రెక్కలదాకా ఎదుగుతాయి. కాబట్టి వారానికోసారి నీరు మార్చాలి, లేదా తొట్టిలో గప్పీ చేపలు వేయాలి. ఇవి మన చేపలు కావు కనుక చెరువుల్లోకి వదలకూడదు. తూనీగలు వచ్చి గుడ్లు పెడితే వాటి పిల్లలు నీటిలోని దోమ పిల్లలను తింటాయి, ఎదిగాక ఈ కాడలనే పట్టుకొని పైకి వచ్చి రెక్కలు విప్పుతాయి. అలాంటి మొక్కకు పెరట్లో చోటివ్వడం న్యాయమని నా నమ్మకం.

జమ్ము కంకులు పగిలి దూది ఎగరకముందే కోయండి. చలికాలం చివర ఎండిన ఆకులను నీటిమట్టానికి పైన కత్తిరించి పాదుల్లో పరచవచ్చు. కొత్త పిలకలు అదే దుంప నుంచి లేస్తాయి.